మోకాళ్ల కోసం నాలుగు డబ్బాలు: మూడేళ్లు వాడాక

మోకాళ్ల నొప్పికి గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ (కీళ్ల మధ్య మెత్తటి ఎముకలో ఉండే పదార్థాలు) కలిసిన మాత్రలు మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. రోజుకు మొదటిది 1500 మిల్లీగ్రాములు, రెండోది 1200. కొత్తలో కాస్త కడుపుబ్బరం ఉండేది, తిన్నాక వేసుకోవడం మొదలుపెట్టాక అదీ పోయింది. ఈ జోడీతో నాకు వేరే ఇబ్బందేమీ రాలేదు. మెట్లు దిగేటప్పుడు నొప్పి తగ్గిన మాట నిజమే. కానీ ఈలోగా నాలుగు కిలోల బరువు కూడా తగ్గాను, ఘనత ఎవరిదో మరి! అమెరికాలో 1583 మందితో చేసిన గెయిట్ అధ్యయనం 2006లో వచ్చింది. అందులో మొత్తం మీద చూస్తే ఈ రెండూ కలిపి వాడినా ఉత్తుత్తి మాత్ర కంటే గట్టిగా మెరుగని తేలలేదు.

గొడవంతా నాకు ఆశ పెరిగాక వచ్చింది. రెండో ఏడాది కర్క్యుమిన్ (పసుపులోని పదార్థం) క్యాప్సూల్స్, చేపనూనె, విటమిన్ డి కూడా చేర్చాను. గుండె కోసం చిన్న డోసు ఆస్పిరిన్ అంతకుముందు నుంచే ఉంది. నెలన్నర తిరిగేసరికి ముంజేతుల మీద కమిలినట్టు నల్లటి మచ్చలు. ఎక్కడా తగిలించుకున్న గుర్తు లేదు. పళ్లు తోముకుంటే ఉమ్మి ఎర్రగా వచ్చేది. అప్పుడు పట్టుకుంది టెన్షన్.

"కొత్తగా మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టరు గారు అడిగితే "లేదండీ" అన్నాను. అబద్ధం కాదు, సప్లిమెంట్లు నా లెక్కలో మందులే కావు. డబ్బాలన్నీ తెమ్మన్నారు. రక్తం గడ్డకట్టడాన్ని ఆస్పిరిన్ ఎలాగూ తగ్గిస్తుంది, కర్క్యుమిన్, చేపనూనె దానికి తోడైనట్టున్నాయన్నారు. ఆ రెండూ ఆపించి, ఆస్పిరిన్ మాత్రం సొంతంగా మానొద్దని గట్టిగా చెప్పారు. తర్వాత కొత్త మచ్చలు రాలేదు.

ఆ రోజే లేబుళ్లు భూతద్దం పెట్టి చదివాను. విటమిన్ డి విడిగా కొన్నదే కాక జోడీ మాత్రల్లోనూ ఉంది, అంటే రోజూ రెండుసార్లు మింగుతున్నాను. కర్క్యుమిన్ డబ్బా మీద చీమతలకాయంత అక్షరాల్లో పైపెరిన్ అని ఉంది. మిరియాల్లోని ఈ పదార్థం కర్క్యుమిన్ ఒంటికి బాగా పట్టేలా చేస్తుంది. ఇలాంటి క్యాప్సూల్స్‌తో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లకైతే గ్లూకోసమిన్ ఒక్కటే అయినా అడగకుండా వద్దు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే పరీక్ష అంకె) పెరగొచ్చు. గ్లూకోసమిన్‌ను ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచి తీస్తారు కాబట్టి ఆ అలర్జీ ఉన్నవాళ్లూ చూసుకోవాలి.

ప్రస్తుతం సప్లిమెంట్లలో జోడీ మాత్రలు మాత్రమే మిగిలాయి. వచ్చే నెల నుంచి మూడు నెలలు వాటినీ ఆపి చూస్తాను. నొప్పి పెరగకపోతే ఇక కొనను.