అమలాపురం దగ్గర తెలుగులో సాగుతున్న సీరత్ తరగతులు: ఖబత్ దండయాత్ర పాఠంపై సమీక్ష

మా కోనసీమ వైపు ముస్లిం కుటుంబాల పిల్లల్లో చాలామంది తెలుగు లేదా ఇంగ్లీషు మాధ్యమంలో చదువుకుంటున్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారికి కూడా ఆ లిపి చదవడం రాదు, గంభీరమైన ఉర్దూలో సాగే బయాన్ (మత ప్రసంగం) సగమే అర్థమవుతుంది. ఈ లోటును గుర్తించిన ఒక మసీదు వారు అమలాపురానికి సమీపంలో ఆదివారం సాయంత్రపు మగ్రిబ్ నమాజు తరువాత ముహమ్మద్ ప్రవక్త (స: ఆయనపై శాంతి కలుగుగాక) జీవిత చరిత్రను, అంటే సీరత్‌ను, తెలుగులో బోధిస్తున్నారు. రుసుము లేదు. ఇతర మతాల వారు కూడా వచ్చి కూర్చోవచ్చు, కొందరు వస్తున్నారు కూడా. ఈ తరగతుల బలమూ కొరతా రెండూ ఖబత్ దండయాత్ర పాఠంలో స్పష్టంగా కనిపించాయి కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నాను.

సముద్ర తీర దండయాత్ర అని కూడా పేరున్న ఈ ఘటనలో చెప్పుకోదగ్గ యుద్ధమేదీ జరగలేదు. ప్రవక్త కాలపు ప్రసిద్ధ దండయాత్రలైన బద్ర్, ఉహుద్, తబూక్‌ల వలె ఇది జనం నోట అంతగా వినిపించకపోవడానికి బహుశా అదే కారణం. తన అనుచరుడు హజ్రత్ అబూ ఉబైదా ఇబ్నుల్ జర్రాహ్ (రజి: అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక) నాయకత్వంలో ప్రవక్త (స) మూడు వందల మందిని ఎర్ర సముద్రపు ఒడ్డుకు పంపారు. మక్కాలోని ఖురైషు తెగవారి వర్తక బిడారు కోసం మాటు వేయడం వారి పని. ఇది హిజ్రీ 8వ సంవత్సరం రజబ్ నెలలో, అంటే 629లో జరిగిందని చరిత్రకారుడు ఇబ్న్ సాద్ రాశారు. 628లో ఖురైషులతో యుద్ధం ఆపే హుదైబియా ఒప్పందం కుదిరిన తరువాత ఖురైషుల బిడారు కోసం మాటు వేయడం ఎలా పొసగుతుందని తరువాతి పండితులు ప్రశ్నించారు. బోధించే మౌలానా గారు ఈ సందేహాన్ని దాచకుండా సభ ముందు పెట్టారు. ఆయన మీద నాకు గౌరవం అక్కడే పెరిగింది.

దారిలో తిండి అడుగంటింది. ఎవరి దగ్గర ఏమి మిగిలితే అది తెచ్చి ఒకచోట పోయాలని నాయకుడు ఆజ్ఞాపించగా, మొత్తం రెండు సంచుల ఖర్జూరాలు పోగయ్యాయి. వాటిని రోజూ కొద్దికొద్దిగా పంచుతూ రాగా, చివరికి మనిషికి రోజుకు ఒక్క పండే దక్కింది. ఒక్క ఖర్జూరంతో ఏమవుతుందని తరువాతి కాలంలో ఒకరు అడిగితే, ఆ దండులో ఉన్న జాబిర్ ఇబ్న్ అబ్దుల్లా (రజి) అది కూడా లేకుండా పోయినప్పుడే దాని విలువ తెలిసిందని బదులిచ్చారు. పసిబిడ్డ వలె ఆ పండును చప్పరించి, పైన నీళ్లు తాగి, రాత్రి వరకు గడిపేవారట. తరువాత కర్రలతో చెట్ల ఆకులు రాల్చి, నీటిలో తడిపి తిన్నారు. అలా రాల్చిన ఆకులను అరబీలో ఖబత్ అంటారు. ఖబత్ దండు అన్న పేరు ఆ ఆకుల వల్లనే వచ్చింది.

మామూలు ప్రసంగాలలో ఈ భాగం రెండు వాక్యాలలో ముగిసి కథ చివర్లో ఒడ్డున దొరికిన పెద్ద చేప దగ్గరికి పరుగెత్తుతుంది. ఇక్కడ మాత్రం మౌలానా గారు ఆ రెండు సంచుల దగ్గర చాలాసేపు ఆగారు. సంచీలో ఎక్కువ మిగిలినవాడూ, ఏమీ మిగలనివాడూ ఒకే రాశిలో పోసి ఒకే వంతు తీసుకున్నారని, ఎక్కువ ఉన్నవాడికి ఆ క్షణం ఎంత కష్టమై ఉంటుందో ఆలోచించమని ఆయన అడిగారు. సహనమంటే పళ్లు బిగించుకుని ఒంటరిగా భరించడమని అనుకునే కుర్రవాళ్లకు ఈ వివరణ అవసరం. 1986 గోదావరి వరదను, 1996 నవంబరు తుఫానును చూసిన పెద్దలు సభలో ఉన్నారు. వారిలో ఒకరు లేచి, వరదలో ఏటిగట్టు మీద చేరిన రోజుల్లో ఎవరింటి బియ్యమైనా ఒకే గంగాళంలో ఉడికిందని చెప్పినప్పుడు ఆయనను ఆపకుండా మాట్లాడనిచ్చారు. డెల్టాలో ఈ పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తోచదు.

ఆ దండులోని కైస్ ఇబ్న్ సాద్ (రజి) ప్రస్తావన మాత్రం తొందరగా దాటిపోయింది. ఆకలి చూడలేక ఆయన మూడేసి ఒంటెల చొప్పున మూడుసార్లు కోసి దండుకు పెట్టారు. ఆ తరువాత అబూ ఉబైదా (రజి) వద్దని ఆపారు. దయతో చేసే పనిని కూడా ఒక హద్దు దగ్గర ఆపవలసి రావడం నాయకత్వంలో కఠినమైన ఘట్టం. దానికి మరికొంత సమయం దక్కవలసింది.

చివరికి సముద్రం అంబర్ అనే మహామత్స్యాన్ని ఒడ్డున పడవేసింది. ఇది చచ్చిన జంతువు, తినరాదు కదా అని అబూ ఉబైదా (రజి) మొదట సందేహించి, తాము దైవమార్గంలో ఉన్నామనీ, గత్యంతరం లేని స్థితిలో ఉన్నామనీ తర్కించుకుని తినడానికి అనుమతించారు. దాని కంటి గుంటలో పదమూడు మంది కూర్చున్నారని, నిలబెట్టిన పక్కటెముక కింది నుంచి ఒంటె మీది మనిషి దాటాడని హదీసులు (ప్రవక్త కాలపు ఉల్లేఖనాలు) చెబుతున్నాయి. ఎన్నాళ్లు తిన్నారన్న విషయంలో అర్ధమాసం, పద్దెనిమిది రోజులు, నెల అని వేర్వేరు ఉల్లేఖనాలున్నాయి. మౌలానా గారు అన్నింటినీ చెప్పారు. మదీనా చేరిన తరువాత ప్రవక్త (స) అది అల్లాహ్ ప్రసాదించిన ఆహారమని చెప్పి, మిగిలినది ఉంటే తమకూ ఇవ్వమని అడిగి తిన్నారు. చేపలూ రొయ్యలూ పండే ప్రాంతం కనుక ప్రశ్నలు వెల్లువెత్తాయి. తనంతట చచ్చి నీటిపై తేలిన చేపను హనఫీ అనే ధర్మశాస్త్ర సంప్రదాయపు పండితులు తినవద్దంటారనీ, సముద్రం ఒడ్డుకు విసిరినది వేరనీ, రొయ్య చేప కిందికి వస్తుందా రాదా అన్నదానిపై వారిలోనే భేదాభిప్రాయం ఉందనీ ఓపికగా వివరించారు.

నాకు సమ్మతం కానిది ముగింపు. ఓర్చుకుంటే చేప వస్తుందన్న ధోరణిలో పాఠం పూర్తయింది. ఆకులు నమిలిన రోజుల్లో ఆ మూడు వందల మందిలో ఎవరికీ చేప సంగతి తెలియదు. ఫలితం కనిపించని రోజుల్లోనే వారి ఈమాన్ (విశ్వాసం) నిలబడింది. ఇదే అబూ ఉబైదా (రజి) 639లో సిరియాలో అమ్వాస్ ప్లేగు ప్రబలినప్పుడు, ఖలీఫా ఉమర్ (రజి) వెనక్కి రమ్మని కబురు పెట్టినా తన సైనికులను విడిచి రానన్నారు. ఆ వ్యాధితోనే మరణించారు. అప్పుడు ఏ సముద్రమూ ఏమీ తెచ్చి పడవేయలేదు. పంటకు ధర లేక, చెరువులో రొయ్యలు చచ్చి, అప్పు తీరని ఇళ్ల నుంచి వచ్చి కూర్చునే శ్రోతలకు ఈ రెండో ఘటన చెప్పకపోతే మొదటిది సగం పాఠంగానే మిగిలిపోతుంది. నిర్వాహకులు దీన్ని తప్పక చేర్చాలి.

ఏర్పాట్ల విషయానికి వస్తే, స్త్రీలు కూర్చునే వైపు స్పీకరు సరిగా వినిపించడం లేదు. మదీనా నుంచి తీరానికి దారి చూపే పటం ఒకటి గోడకు తగిలిస్తే పిల్లలకు ఎంతో ఉపయోగం. పంచిన కరపత్రంలో ఒకే పేరును రెండు చోట్ల రెండు విధాలుగా అచ్చు వేశారు. రాత్రి ఇషా నమాజుకు ముందే ముగించడం వల్ల దూరపు గ్రామాల వారు చివరి బస్సు అందుకోగలుగుతున్నారు. పదేళ్లు దాటిన పిల్లలను నిస్సందేహంగా తీసుకువెళ్లవచ్చు. మరీ చిన్నవారు ఫిఖ్హ్ (ధర్మశాస్త్ర) ప్రశ్నలు మొదలైన తరువాత కుదురుగా కూర్చోవడం కష్టం.