కగుయా-సామా, సెయ్‌తోకై నో ఇచిజోన్: ముందు ఏది చూడాలి?

రెండూ స్టూడెంట్ కౌన్సిల్ (స్కూల్ విద్యార్థి సంఘం) చుట్టూ తిరిగే అనిమే, అంటే జపాన్ యానిమేషన్ కామెడీ సిరీస్‌లే. 2009లో వచ్చిన ‘సెయ్‌తోకై నో ఇచిజోన్’ చాలావరకు కౌన్సిల్ గదిలోనే నడుస్తుంది. నలుగురు అమ్మాయిలు, ఒక్క అబ్బాయి, పని పక్కన పెట్టి కబుర్లు. వేరే అనిమేల మీద పేరడీలు ఎక్కువ, కొత్తవాళ్లకు అన్నీ అందవు.

2019 నాటి ‘కగుయా-సామా’ అలా కాదు. ప్రెసిడెంట్ షిరోగానేకి, వైస్ ప్రెసిడెంట్ కగుయాకి ఒకరంటే ఒకరికి ఇష్టం. కానీ ముందు నోరు విప్పినవాళ్లు ఓడినట్టే! మొదటి ఎపిసోడ్‌లో సినిమా టికెట్ల గొడవ చూడండి. ‘వెళ్దామా’ అని ఎవరు అడగాలన్నదే యుద్ధం. ఇద్దరూ లోలోపల ఎత్తులకు పైఎత్తులు వేస్తుంటే, కథకుడు మహా గంభీరంగా వివరిస్తుంటాడు. ఇవేమీ తెలియని కౌన్సిల్ సెక్రటరీ ఫుజివారా మధ్యలో దూరి అంతా తారుమారు చేస్తుంది. అసలు ఆ అమ్మాయి కోసమే చూడొచ్చు!

నా ఓటు కగుయాకే. కబుర్ల కామెడీ ఇష్టమైతే ఇచిజోన్ తర్వాత పట్టుకోండి.