ఆస్పత్రి పని మీద చెన్నై వచ్చినవాళ్లకు: మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా

చెన్నైలో గుళ్లు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకు మూస్తారు. మళ్లీ నాలుగింటికి గానీ తలుపు తియ్యరు. ఆస్పత్రిలో మనిషికి తోడుగా వచ్చినవాళ్లకు కాస్త తెరిపి దొరికేది మాత్రం సరిగ్గా ఆ వేళలోనే. పొద్దున డాక్టర్ల రౌండ్లు, స్కానింగులు, బిల్లింగ్ కౌంటర్లు ఉంటాయి. సాయంత్రం చూడ్డానికి వచ్చేవాళ్ల టైమ్, రిపోర్టులు. మధ్యలో రోగి నిద్రపోతాడు, మనకు ఏం చెయ్యాలో తోచదు. నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు వైపుల నుంచి వచ్చి గ్రీమ్స్ రోడ్డు సందుల్లోనూ అడయారులోనూ వారాల తరబడి ఉండిపోయేవాళ్లు మొదటి రెండు రోజులూ మూసిన గుడి తలుపులు చూసి వెనక్కి రావడం మామూలే. వాళ్ల కోసమే ఈ లెక్క.

ముందు బస సంగతి, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. గది ఆస్పత్రికి నడక దూరంలో ఉండాలి. ఊరు చివర సగం అద్దెకు దొరికిందని వెళ్తే ఆ మిగులు ఆటోలకే పోతుంది, నిద్ర కూడా పోతుంది. గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల ఇళ్లనే గదులుగా మార్చి, గ్యాస్ స్టవ్వూ నాలుగు గిన్నెలూ ఇచ్చేవి చాలా ఉన్నాయి. వారం పైబడి ఉండేవాళ్లకు లాడ్జి కంటే ఇవే నయం, పత్యం వండుకోవచ్చు. డబ్బు కట్టే ముందు నాలుగు విషయాలు అడగాలి: కరెంటు బిల్లు అద్దెలో కలిసిందా విడిగానా, చెకౌట్ ఇరవై నాలుగు గంటల లెక్కా లేక మధ్యాహ్నం పన్నెండా, వేడినీళ్లు రోజంతానా పొద్దున మాత్రమేనా, అడ్వాన్సు తిరిగిచ్చేటప్పుడు ఏమేం కోస్తారు. ఆస్పత్రి గేటు దగ్గర ఎదురొచ్చి గది చూపిస్తానన్న మనిషి కమీషన్ కూడా అద్దెలోనే కూర్చుంటుంది. రెండు వీధులు సొంతంగా తిరిగితే అదే గది తక్కువకు దొరుకుతుంది.

రోగి చక్రాల కుర్చీలో ఉంటే గది కంటే ముందు బాత్‌రూమ్ తలుపు చూడాలి. మామూలు వీల్‌చెయిర్ వెడల్పు 24 నుంచి 26 అంగుళాలు. పాత లాడ్జిల్లో బాత్‌రూమ్ తలుపు 24 అంగుళాలుంటే గొప్ప, దానికి తోడు గుమ్మంలో ఒక మెట్టు. లిఫ్టు ఉందని చెబుతారు. అందులో కుర్చీ పడుతుందో లేదో చెప్పరు. జేబులో కొలతల టేపు ఉంటే ఈ వాదన రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ట్రిప్లికేన్ మాన్షన్లు చవకే. అయితే అవి ఒంటరి మగవాళ్లు ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి ఉండటానికి పుట్టిన గదులు: ఇరుకు, చాలావాటిలో బాత్‌రూమ్ ఉమ్మడి, ఆడవాళ్లకు ఎక్కువ చోట్ల ఇవ్వరు. రోగి వార్డులోనే ఉండి, తోడొచ్చిన మగమనిషికి రాత్రి పడుకోవడానికి మాత్రమే చోటు కావాలంటే సరిపోతాయి. ఒక్క రాత్రి పనైతే సెంట్రల్ స్టేషన్ రిటైరింగ్ రూమ్ అన్నిటికంటే సుఖం. టికెట్ పీఎన్ఆర్‌తో ఐఆర్‌సీటీసీలో ముందే బుక్ చేసుకోవాలి, అప్పటికప్పుడు దొరుకుతుందన్న ఆశ వద్దు. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేవాళ్లు ఇంకొకటి గమనించాలి: దానికి రెండు ఆవరణలున్నాయి, ఒకటి గాంధీనగర్‌లో, ఇంకొకటి సర్దార్ పటేల్ రోడ్డు మీద. చీటీ మీద ఏది రాసి ఉందో చూసి ఆ పక్కనే గది తీసుకోవాలి.

ఇక ఆ నాలుగు గంటలు.

మైలాపూరు వైపు ఉంటే నా మొదటి ఓటు శాంథోమ్ చర్చికి. కపాలీశ్వరుడి గుడి నుంచి కచేరి రోడ్డు మీదుగా తూర్పుకు కిలోమీటరున్నర. ఏసు శిష్యుడు తోమా సమాధి మీద కట్టిందని క్రైస్తవుల నమ్మకం. ఇప్పుడు కనిపించే తెల్లటి కట్టడం 19వ శతాబ్దం చివరిది. పై హాలు బాగుంటుంది గానీ చూడ్డానికొచ్చినవాళ్లు ఫోటోలు తీస్తూ తిరుగుతుంటారు. కింద సమాధి ఉన్న చిన్న మందిరానికి వేరే దారి ఉంది, అక్కడికి దిగాలి. నాలుగు వరసల బెంచీలు, చల్లదనం, గుసగుస కూడా వినిపించదు. ఏ మతమని ఎవరూ అడగరు, హుండీ చూపించి నిలబడేవాళ్లు లేరు. కళ్లు మూసుకుని గంటసేపు కూర్చున్నా లేపరు. దర్శనం అంటే క్యూ అని అలవాటైనవాళ్లకు ఇది మొదట్లో వింతగా ఉంటుంది. కష్టంలో ఉన్న మనిషికి కావలసింది మాత్రం ఇలా కూర్చోనిచ్చే చోటే అని నా గట్టి అభిప్రాయం. ఇక్కడ రాసిన చోట్లన్నిటికీ మార్కులు ఆ ఒక్క లెక్కతోనే వేశాను.

అడయారులో ఉన్నవాళ్లకు థియొసాఫికల్ సొసైటీ తోట ఉంది. 1882లో ఆ సంస్థ ఇక్కడికి మారింది. లోపల పెద్ద మర్రి. అసలు మాను 1989 గాలివానకు పడిపోయినా ఊడలే చెట్టై నిలబడ్డాయి. రకరకాల మతాల చిన్న మందిరాలు చెట్ల మధ్య విడివిడిగా ఉంటాయి. వచ్చిన చిక్కు వేళలతోనే: పొద్దున కాసేపు, మధ్యాహ్నం సుమారు రెండు నుంచి నాలుగు దాకా సందర్శకులను రానిస్తారు, ఆదివారాలూ సెలవుదినాలూ మూత. గుర్తింపు కార్డు అడగొచ్చు. లోపల నడక చాలా ఉంది, తినుబండారాలు దొరకవు. నీళ్ల సీసా వెంట ఉండాలి. నడవలేనివాళ్లను తీసుకెళ్లొద్దు.

మైలాపూరు లజ్ దగ్గర తిరిగే తెలుగువాళ్లు చాలామంది పట్టించుకోని ఇల్లు ఒకటుంది, రాయపేట హైరోడ్డు మీద. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్షకు కూర్చుని, 58వ రోజున, డిసెంబరు 15న ప్రాణం విడిచింది అక్కడే. అప్పుడది బులుసు సాంబమూర్తి ఇల్లు, ఇప్పుడు స్మారక భవనం. ఆంధ్ర రాష్ట్రం సంగతి అందరికీ తెలుసు. అంతకు ముందు 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని ఆయనే దీక్ష చేశారన్నది అంతగా ఎవరూ తలుచుకోరు. గుడికి వెళ్లడమే భక్తి అనుకునేవాళ్లు, గుడి తలుపు ఇంకొకరికి తెరవమని అన్నం మానేసిన మనిషి ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగితే తప్పులేదు. తలుపు వేసి ఉండే అవకాశం ఉంది, దాని కోసమే ఆటో కట్టించుకోవద్దు, దారిలో ఉంటేనే.

నాలుగు దాటాక గుళ్లు. కపాలీశ్వర ఆలయం తిరుమయిలై లోకల్ రైలు స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. స్టేషన్‌లో మెట్లు ఎక్కువ, లిఫ్టు ఆ రోజు పనిచేస్తుందన్న నమ్మకం లేదు. టికెట్ చవకని రోగిని ఆ రైలెక్కించకండి. మైలాపూరులో మెట్రో పనుల వల్ల దారులు మళ్లిస్తున్నారు, ఆటోవాళ్లు చుట్టూ తిప్పితే ప్రతిసారీ మోసమని అనుకోనక్కర్లేదు. గుళ్లో ప్రత్యేక దర్శనం టికెట్ మామూలు రోజుల్లో దండగ. త్రయోదశి ప్రదోషం సాయంత్రం మాత్రం నాలుగున్నర నుంచి ఊపిరాడదు. కాలెండరు చూసుకుని ఆ రోజు మానుకోవాలి, లేదా పొద్దున్నే పోవాలి. పున్నచెట్టు కింద అమ్మవారు నెమలి రూపంలో శివుణ్ణి కొలిచిన సన్నిధి దగ్గర కూర్చోవడానికి అరుగుంది. అర్చన చేయిస్తే గోత్రం కంటే ముందు నక్షత్రం అడుగుతారు. రోగి పేరు, నక్షత్రం కాగితం మీద రాసుకుని వెళ్తే తడుముకోనక్కర్లేదు. ట్రిప్లికేన్ పార్థసారథి స్వామి గుడి 108 దివ్యదేశాల్లో ఒకటి, మీసాల వేంకటకృష్ణుడు చూడముచ్చటగా ఉంటాడు, కానీ శనివారం, ఏకాదశి జనంలో కూర్చోవడానికి చోటు దొరకదు. తిరుపతి వెళ్లలేక మనసు పీకుతుంటే టీనగర్ వెంకటనారాయణ రోడ్డులో టీటీడీ వారి గుడి చాలు. అక్కడ తెలుగులో మాట్లాడితే తెలుగులోనే జవాబు వస్తుంది.

సాయంత్రం ఒక్క చోటికే ఓపిక ఉందంటే మైలాపూరు రామకృష్ణ మఠానికి వెళ్లమంటాను. 1897లో మొదలైన మఠం, ఇప్పటి పెద్ద మందిరం 2000లో తెరిచారు. సూర్యాస్తమయం వేళ హారతి, ఆ తర్వాత మౌనం. ఫోన్ మోగితే నలుగురూ తిరిగి చూస్తారు, అంతే. పుస్తకాల కొట్టులో తెలుగువీ దొరుకుతాయి.

తిరువాన్మియూరు మరుందీశ్వరుడి దగ్గరికి రోగుల కుటుంబాలు ఎక్కువగా వస్తాయి. అగస్త్యుడికి శివుడు మందుల గురించి ఉపదేశించిన చోటని స్థలపురాణం, ఆవరణ విశాలం, మామూలు రోజుల్లో తోపులాట ఉండదు. అక్కడికి దగ్గర్లోనే మురుగన్ భక్తుడైన సన్యాసి పాంబన్ స్వామి సమాధి. ఆయన కథ ఆస్పత్రి మనుషులకు బాగా పడుతుంది. 1923లో, డెబ్బై దాటిన వయసులో, తంబుచెట్టి వీధిలో జట్కాబండి చక్రం ఎక్కి కాలు విరిగితే ఆయన్ను చేర్చింది సెంట్రల్ ఎదురుగా ఉన్న జనరల్ ఆస్పత్రిలోనే. మంచం మీద ఉండగా నెమళ్ల దర్శనమైందని, కాలు అతుక్కుందని భక్తులు ఏటా ఆ రోజును జరుపుకుంటారు. నమ్మడం నమ్మకపోవడం మన ఇష్టం. సన్యాసికైనా కాలు విరిగితే వార్డులో పడుకోవలసిందేనన్నది మాత్రం ఆ కథలోనే ఉంది, మందులు మానేసి మొక్కులు పెట్టుకుందామనే పెద్దవాళ్లకు చెప్పడానికి పనికొస్తుంది. క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఒకరి కష్టంలోంచి పుట్టిందే: చెల్లెలు క్యాన్సర్‌తో పోవడం కళ్లారా చూసిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పట్టుబట్టి 1954లో మొదలుపెట్టించారు. ఇంత ఊళ్లో ‘మీ గ్రహం బాగాలేదు, పదివేలతో పరిహారం’ అని గుడి బయట పట్టుకునేవాళ్లూ ఉంటారు. వాళ్లకు మన ముఖం చూడగానే ఆస్పత్రి చీటీ వాసన తెలుస్తుంది. జవాబివ్వకుండా నడిచిపోవడమే మార్గం. రూపాయి ఇచ్చినా వెంటబడతారు.

రోగినే గుడికి తీసుకెళ్లాలనుకుంటే కొన్ని ఖచ్చితంగా చూసుకోవాలి. కీమో అయిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జనంలోకి వద్దు, తీర్థమూ వద్దు, ప్రసాదం ఇంటిల్లిపాదీ తిని రోగితో దణ్ణం మాత్రం పెట్టించండి. కంటి ఆపరేషన్ అయినవాళ్లు సాష్టాంగం చెయ్యకూడదు, తల వంచి విభూతి పెట్టించుకోకూడదు, పొడి కంట్లో పడుతుంది. షుగరుతో అరికాళ్లు మొద్దుబారినవాళ్లను పదకొండు తర్వాత రాతి ప్రాకారంలో వట్టికాళ్లతో నడిపిస్తే బొబ్బలు లేచినా వాళ్లకు తెలియదు, గదికొచ్చాక చూస్తే చర్మం ఊడి ఉంటుంది. మందపాటి మేజోళ్లు తొడిగి, పొద్దున ఎనిమిదిలోపు తీసుకెళ్లాలి. బెసెంట్ నగర్ అష్టలక్ష్మి గుడి సముద్రం పక్కన అందంగా ఉంటుంది గానీ సన్నటి మెట్లు. మోకాళ్లు పట్టేసినవాళ్లకు కింది సన్నిధితో సరి.

తిండికి డబ్బు తగ్గినప్పుడు సర్కారు చవక క్యాంటీన్ అమ్మ ఉణవగం ఉంది, సర్కారు జనరల్ ఆస్పత్రిలో కూడా. 2013లో మొదలైనప్పటి ధరలే: ఇడ్లీ రూపాయి, సాంబారన్నం ఐదు, పెరుగన్నం మూడు. ఒంటిగంట తర్వాత వెళ్తే పెరుగన్నం అయిపోవచ్చు. దేవాదాయశాఖ గుళ్లలో మధ్యాహ్న అన్నదానానికి లెక్క ప్రకారమే టోకెన్లు ఇస్తారు, పదకొండున్నరకల్లా వరసలో ఉండాలి. రంజాన్ నెలలో ట్రిప్లికేన్ వాలాజా మసీదులో ఇఫ్తార్ వడ్డించేది ఎవరో తెలుసా? దేశ విభజనలో సింధ్ వదిలొచ్చిన ఒక హిందూ కుటుంబపెద్ద పెట్టిన సూఫీదార్ ట్రస్టు వాళ్లు, ఏళ్ల తరబడి. ఉన్నదంతా పోగొట్టుకుని వచ్చినవాళ్లు ఊరికి అన్నం పెట్టడం గురించి ఉపన్యాసాలు వినేకంటే ఆ సాయంత్రం ఆ వీధిలో నిలబడి చూడ్డం మేలు.

రోగి కోలుకుని ఒక పూట ఖాళీ దొరికితే ఊరికి ఉత్తరాన ఉన్న తిరువొత్తియూరు శివాలయం. సెంట్రల్ నుంచి మెట్రోలో తేరడి స్టేషన్‌లో దిగితే గుడి దగ్గరే. అమ్మవారు త్రిపురసుందరి మీద త్యాగరాజస్వామి తెలుగులో ఐదు కీర్తనలు కట్టింది ఇక్కడే. ఆదిపురీశ్వరుడి లింగానికి ఏడాదంతా కవచం ఉంటుంది, కార్తీక పౌర్ణమి నుంచి మూడు రోజులే తీస్తారు. ఆ మూడు రోజులూ ఈశాన్య రుతుపవనాల వానల్లోనే పడతాయి, క్యూ వీధిలోకి వస్తుంది. గొడుగు కంటే రెయిన్‌కోటు నయం, రిపోర్టుల ఫైలు మాత్రం గదిలోనే పెట్టి వెళ్లండి.