పాత డిఫరెన్షియల్: మూత తీసి కడిగితే చాలా, మొత్తం విప్పాలా?

వాడిన డిఫరెన్షియల్‌ను, అంటే ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టెను, బండికి బిగించే ముందు మూత తీసి కడిగి చూసుకుంటే సరిపోతుందా, లేక బేరింగులతో సహా అన్నీ విప్పి కొత్తగా కూర్చాలా అని చాలామంది పదేపదే అడుగుతున్నారు. ఈమధ్యే నేనూ ఒకటి బిగించాను కనుక రెండు పద్ధతుల బాగోగులూ రాస్తున్నాను. ఆయిల్ మాత్రం మార్చి నేరుగా ఎక్కించడమనే మూడో దారి కూడా ఉంది కానీ, లోపల ఏముందో చూడకుండా చేసే ఆ పనిని నేను లెక్కలోకి తీసుకోను. దించిన ఆయిల్ శుభ్రంగా కనిపించినా, అది అమ్మే ముందు పోసిన కొత్త ఆయిల్ కావచ్చు.

మొత్తం విప్పడంలో ఉన్న లాభం కాదనలేనిది. పీనియన్ అంటే పెద్ద పళ్లచక్రమైన క్రౌన్ వీల్‌ను తిప్పే చిన్న గేరు. దాని వెనుక బేరింగును కళ్లతో చూడాలంటే పీనియన్‌ను బయటికి తీయక తప్పదు. మూత మాత్రం తీసి కిరసనాయిలుతో కడిగితే మడ్డిలోని ఇనుప రజను కొట్టుకుపోయి సరిగ్గా ఆ బేరింగులోనే చేరే ప్రమాదమూ ఉంది. అయినా నా మొగ్గు మూత తీసి కడగడం వైపే. అందుకు కారణం పళ్ల ఒరిపిడి.

క్రౌన్ వీల్, పీనియన్ కర్మాగారంలోనే ఒకదానితో ఒకటి జతగా నూరి తయారైనవి. అందుకే చాలావాటిపై జత నంబరు చెక్కి ఉంటుంది. వేల కిలోమీటర్లు తిరిగాక ఆ పళ్లు తమకు అలవాటైన చోటే ఒరుసుకుంటూ అక్కడే నునుపు తేలతాయి. పీనియన్ ఎంత లోతున కూర్చోవాలో దాని బేరింగు దగ్గరి షిమ్ (సర్దుబాటుకు వేసే పలుచని రేకు) మందం నిర్ణయిస్తుంది. కొత్త బేరింగు ఎత్తులో మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల తేడా వచ్చినా ఆ ఒరిపిడి చోటు జరిగిపోతుంది. కొన్నేళ్ల క్రితం నేను ఒకదాన్ని పూర్తిగా విప్పి, కొత్త బేరింగులకు పాత షిమ్‌నే వేసి కూర్చాను. డయల్ గేజ్‌పై బ్యాక్‌లాష్ (రెండు గేర్ల పళ్ల మధ్య ఉండే సందు) చక్కగా ఉన్నా, బండి వేగం అందుకోగానే సన్నని ఊళ మొదలయింది. మళ్లీ తెరిచి పళ్లకు రంగు పూసి తిప్పితే ముద్ర పంటి మధ్యలో కాక మొదలు వైపు దిగిపోయి ఉంది, అంటే పీనియన్ ఎక్కువ లోతుకు వెళ్లింది. బ్యాక్‌లాష్‌ను పక్క బేరింగుల షిమ్‌లతో సరిచేసుకోవచ్చు కనుక, అది సరిపోయినంత మాత్రాన లోతు సరిపోయినట్లు కాదు. కొలిచి షిమ్ ఎంచుకునే సరంజామా, ఓపిక ఉన్నవారికి ఇది అడ్డంకి కాదు. లేనివారు బాగున్న జతను కదిలించకపోవడమే మేలు.

అయితే బాగుందో లేదో ముందు తేలాలి. పైమట్టి అంతా పోయాకే మూత తీయాలి. అయస్కాంతపు డ్రెయిన్ ప్లగ్‌కు అంటిన మడ్డిని రెండు వేళ్ల మధ్య నలిపితే బూడిదరంగు ముద్దలా మెత్తగా ఉన్నంతవరకు భయం లేదు. గరగరలాడినా, మెరిసే పెచ్చులు తగిలినా పూర్తిగా విప్పవలసిందే. ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే కనుక బేరింగు రోలర్లపై తుప్పు గుంటలు వెతకాలి. పంటి అంచు విరగడం, వేడికి నీలిరంగు తిరగడం, పీనియన్ ఫ్లాంజ్‌ను (పీనియన్ బయటి కొసన షాఫ్ట్ బిగించే పళ్లెం) పట్టుకుని లాగితే ముందుకూ వెనక్కూ కదలడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా నా మొగ్గును పక్కనబెట్టండి. కడిగాక గాలి పట్టేటప్పుడు బేరింగులను గాలితో గిరగిరా తిప్పకూడదు. ఆయిల్ లేకుండా అంత వేగంతో తిరిగితే పాడవుతాయి, రోలర్లు ఎగిరి గాయపరచవచ్చు కూడా. పక్క బేరింగుల క్యాపులు విప్పవలసి వస్తే ఎడమ ఏది, కుడి ఏది గుర్తు పెట్టుకోవాలి. వాటిని హౌసింగ్‌తో కలిపే తొలుస్తారు కనుక తారుమారు చేయకూడదు.

సీళ్ల విషయంలో ఒక మెలిక ఉంది. పీనియన్ సీల్ మార్చాలంటే దాని నట్టు తీయాలి. క్రష్ స్లీవ్ (నట్టు బిగిస్తే నలిగి బేరింగుల బిగువును నిలిపే గొట్టం) ఉన్న రకాల్లో ఆ స్లీవ్ ఒక్కసారికే పనికొస్తుంది కనుక కొత్తది వేయడమే సరైన పద్ధతి. కారకపోతే దాని జోలికి పోను.

ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందించే లిమిటెడ్ స్లిప్ రకానికి క్లచ్ ప్లేట్లు కూడా చూడాలి, దానికి తగిన ఆయిలే పోయాలి. పళ్ల లెక్క తప్పకుండా చూసుకోండి: క్రౌన్ వీల్‌కు 41, పీనియన్‌కు 10 ఉంటే నిష్పత్తి 4.10.

ఈసారి తెచ్చినదానిలో బ్యాక్‌లాష్‌ను నాలుగు చోట్ల కొలిస్తే 0.15 నుంచి 0.18 మిల్లీమీటర్లు వచ్చింది, రంగు ముద్ర పంటి మధ్యలో పడింది. కనుక పీనియన్‌ను ముట్టుకోకుండా కడిగి, యాక్సిల్ సీళ్లు మార్చి, జీఎల్-5 రకపు ఆయిల్ పోశాను. లోపల మిగిలిన రజను కోసం దాన్ని 500 కిలోమీటర్లకే దించేస్తాను. చివర్లో లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్‌లో ఊది చూస్తే గాలి దూరలేదు. బురదతో పూడుకుపోయిన ఆ చిన్న గొట్టాన్ని అలాగే వదిలి ఉంటే, ఆయిల్ వేడెక్కినప్పుడు లోపలి ఒత్తిడి కొత్త సీళ్లనే తోసుకుని బయటికి వచ్చేది.