ఏడ్చినప్పుడల్లా పాలా, గంట చూసుకునా? పసిబిడ్డ పాలకూ నిద్రకూ ఏ పద్ధతి మేలు?

పుట్టింట్లో పురుడు పోసుకున్న బాలింత చుట్టూ రెండో వారం దాటేసరికి రెండు పక్షాలు తయారవుతాయి. ఒక పక్షానికి నాయకురాలు అమ్మమ్మ. "ఏడిస్తే పాలివ్వు, పడుకుంటే లేపకు. ఇందులో అంత ఆలోచించేదేముంది?" అంటుంది. రెండో పక్షం ఫోనులో ఉంటుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే తండ్రి ఒక యాప్ పెట్టుకుని, మూడు గంటలకొకసారి పాలు, ఇటు ఇన్ని నిమిషాలు, అటు ఇన్ని నిమిషాలు అని పట్టిక పంపిస్తాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్లడం ఇప్పటికీ మామూలే కాబట్టి ఈ తగువు చాలా ఇళ్లలో వినిపిస్తుంది. మధ్యలో ఉన్న అమ్మాయి నిద్రమత్తులో ఇద్దరికీ తలూపి ఊరుకుంటుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. మొదటి ఆరు వారాలూ అమ్మమ్మదే పైచేయి, ఆమె మాటలో రెండో సగం తప్ప. ఆ తర్వాత గెలిచేది ఇద్దరిలో ఎవరూ కాదు, మూడో పద్ధతి.

గడియారం మాట

ఈ పట్టికల పద్ధతి యాప్‌తో పుట్టింది కాదు. 1907లో న్యూజిలాండ్‌లో ప్లంకెట్ సొసైటీ అనే శిశుసంక్షేమ సంస్థను స్థాపించిన డాక్టర్ ఫ్రెడరిక్ ట్రూబీ కింగ్, పసిపిల్లలకు నాలుగు గంటలకొకసారే పాలివ్వాలని, రాత్రిపూట అసలు ఇవ్వకూడదని గట్టిగా చెప్పాడు. క్రమశిక్షణ ఉయ్యాలలోనే మొదలవ్వాలన్నది ఆ కాలపు నమ్మకం. ఆ మాట ఇంగ్లండు దాకా పాకింది. ఇప్పుడు వైద్యులెవరూ అలా చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెప్పేది ఒకటే: పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే, అదీ బిడ్డ అడిగినప్పుడల్లా, పగలూ రాత్రీ తేడా లేకుండా. మన కేంద్ర ఆరోగ్య శాఖ తల్లిపాల కోసం 2016లో మొదలుపెట్టిన 'మా' (MAA, అమ్మ) కార్యక్రమం సారాంశం కూడా ఇదే.

కారణం కడుపులో ఉంది. తల్లిపాలు గంటన్నర, రెండు గంటల్లో అరిగిపోతాయి. పాలపొడితో కలిపిన పాలు అంతకంటే నెమ్మదిగా అరుగుతాయి. సీసా పాలు తాగే బిడ్డ దాదాపు మూడు గంటలు ఆగగలగడం అందుకే. తల్లిపాలు తాగే బిడ్డకు అదే లెక్క అంటగడితే మధ్యలో ఒక గంట ఆకలితో ఏడుస్తాడు. ఇంకో సంగతి: పాలు ఎంత తాగితే అంత ఊరతాయి. పాలు ఊరడానికి కావలసిన ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది. తల్లి పడుకోవాలని మొదటి వారాల్లో రాత్రి పాలు ఆపేసి సీసా ఇస్తే, పగటి పాలు కూడా తగ్గడం మొదలవుతుంది. తర్వాత "నాకు పాలు పడలేదు" అంటుంది ఆ అమ్మాయి. పాలు పడక కాదు, పడనివ్వక.

పుట్టిన పిల్లలు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగుతారు. విజయనగరం గంటస్తంభం గడియారం మన బస్సులకీ బజారు పనులకీ పనికొస్తుంది కానీ, ఆ పన్నెండు సార్లు ఎప్పుడెప్పుడో దానికి తెలియదు.

అమ్మమ్మ మాటలో తప్పు ఎక్కడ

"పడుకుంటే లేపకు" అన్నది చక్కగా బరువు పెరుగుతున్న బిడ్డకు సరే. మొదటి పది పన్నెండు రోజులు మాత్రం పనికిరాదు. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో బరువు తగ్గుతుంది. ఏడు శాతం దాకా తగ్గడం మామూలే, పది శాతం దాటితే డాక్టరు చూడాలి. అంటే 2.8 కిలోలతో పుట్టిన బిడ్డ 2.6కి రావచ్చు. ఆ తగ్గిన బరువు రెండు వారాల్లోపు తిరిగి రావాలి. అది వచ్చేదాకా మూడు గంటలు దాటి నిద్రపోతే లేపి పాలివ్వాలి. నెలలు నిండక పుట్టినా, 2.5 కిలోల లోపున్నా ఇంకా తరచుగా, రెండు గంటలకొకసారి. కామెర్లు వచ్చిన బిడ్డ మరీ మోసం చేస్తుంది: మత్తుగా పడుకుని ఉంటుంది, అడగదు. "ఎంత బుద్ధిమంతురాలో, ఏడవనే ఏడవదు" అని చూడ్డానికి వచ్చినవాళ్లు మెచ్చుకునే పిల్లే కొన్నిసార్లు పాలు చాలని పిల్ల.

కాబట్టి గడియారం ఇంట్లో ఉండాలి, కానీ పై హద్దు చూడటానికి. ఇంతసేపటికి మించి పాలు లేకుండా ఉండనివ్వం, అంతవరకే. ఈ ఒక్క పనికీ తండ్రి యాప్ బాగానే పనికొస్తుంది.

బిడ్డకు పాలు చాలుతున్నాయో లేదో తెలుసుకోవడానికి నిమిషాలు కొలవనక్కర్లేదు. అయిదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరు గుడ్డలు తడపాలి, వారం వారం బరువు పెరగాలి. ఆసుపత్రిలో కాన్పు అయినవాళ్ల ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఆమె బరువు తూచే యంత్రంతో వస్తుంది. ఆవిడ వచ్చినప్పుడు బిడ్డ పడుకుందని పంపించేయకండి. రెండు పక్షాల తగువూ తేల్చేది ఆ కాటాయే.

ఇక ఇంట్లో నిజంగా గొడవ ముదిరేది సాయంత్రం. అయిదు గంటల నుంచి రాత్రి తొమ్మిది పది దాకా చాలామంది పిల్లలు అరగంటకొకసారి పాలకు ఏడుస్తారు. ఇప్పుడే తాగి మళ్లీ నోరు చప్పరిస్తారు. రెండు మూడు వారాల దగ్గరా, ఆరో వారం దగ్గరా ఇది మరీ ఎక్కువ. ఏడుపు మొత్తంగా తారస్థాయికి చేరేది కూడా ఆరో వారం చుట్టుపక్కలే. సరిగ్గా ఆ వేళకే పక్కింటి పిన్ని వచ్చి "పాలు చాలట్లేదమ్మా, డబ్బా పట్టు" అంటుంది. పాలపొడి ప్రకటనలను 1992 చట్టం నిషేధించింది, పిన్నిగారి సలహాలను ఏ చట్టమూ ఆపలేదు. గుడ్డలు తడుస్తున్నాయి, బరువు పెరుగుతోంది అంటే పాలు చాలుతున్నట్టే. ఆ సాయంత్రాలు అలాగే గడవాలి.

వేసవి కాన్పులకు మరో చిక్కు. మే నెల ఉక్కపోతకు గొంతెండిపోతుందని రెండు చెంచాల నీళ్లు పట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తల్లిపాలలో 87 శాతానికి పైగా నీళ్లే. దాహానికి ఇంకోసారి పాలివ్వాలి, తల్లి ఇంకో చెంబు నీళ్లు తాగాలి. బాలింతకు నీళ్లు తగ్గించే పథ్యం మాత్రం ఏ వైపు నుంచి చూసినా తప్పే. తేనె నాకించడం, ఆముదం పట్టడం కూడా ఈ కోవలోవే.

ఉయ్యాలా, చాపా, అమ్మ పక్కా

పాల తగువు తీరితే నిద్ర తగువు. పసిబిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకుంటుంది, కానీ ముక్కలు ముక్కలుగా. రాత్రి, పగలు తేడా తెలిపే ఒంటి గడియారం రెండు మూడు నెలలకు గానీ కుదురుకోదు. అందాకా 'రాత్రంతా నిద్ర' అని ఆశపడటం అనవసరం.

దూలానికి కట్టిన చీర ఉయ్యాల మన ఇళ్లకు ప్రాణం. ఊపు తగలగానే ఏడుపు ఆగుతుంది, నేల మీది చీమలూ తేళ్లూ అందవు. అయితే చీర జోలెలో బిడ్డ వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, గుడ్డ ముఖం మీదికి వస్తుంది. మెడ నిలవని బిడ్డకు ఊపిరి ఆడకపోయే ప్రమాదం అక్కడే ఉంది. పగలు, కళ్లెదుట మనిషి కూర్చుని ఉన్నప్పుడు ఉయ్యాల బాగుంటుంది. అందరూ నిద్రపోయే రాత్రివేళ వద్దు. పైగా ఉయ్యాలలోనే పడుకోవడం అలవాటైన బిడ్డ రాత్రి మెలకువ వచ్చిన ప్రతిసారీ ఊపమంటుంది. ఊపే చేయి అమ్మమ్మదైతే సరే. అయిదో నెలలో విశాఖలో అపార్టుమెంటుకి వెళ్లాక ఆ చేయీ ఉండదు, దూలమూ ఉండదు.

తల్లి పక్కన ఒకే పరుపు మీద పడుకోబెట్టుకోవడం పాలివ్వడానికి హాయిగా ఉంటుంది. కానీ మెత్తటి పరుపు, బరువైన దుప్పటి, పక్కన మందో పొగో తాగిన మనిషి, కుంగిపోయిన నులక మంచం, వీటిలో ఏ ఒక్కటున్నా ప్రమాదమే. సోఫాలో కూర్చుని పాలిస్తూ కునికిపాట్లు పడటం వీటన్నిటికంటే చెడ్డది.

రాత్రికి నేను ఎంచుకునేది మూడోది: తల్లి పరుపును ఆనుకుని, చేయి చాస్తే అందేంత దూరంలో, నేల మీద గట్టి బొంతతో బిడ్డకు వేరే పక్క. వెల్లకిలా పడుకోబెట్టాలి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండుతో సహా ఏ దిండూ వద్దు. పైన దోమతెర ఉంటే చాలు. మన ఇళ్లలో బాలింత, ఆమె తల్లి నేల మీద పడుకోవడం ఎలాగూ ఉన్నదే కనుక దీనికి కొత్తగా కొనాల్సింది కూడా ఏమీ లేదు.

మూడో పద్ధతి: గంటలు కాదు, వరుస

ఆరేడు వారాలు దాటి బరువు బాగా పెరుగుతుంటే అప్పుడు క్రమం గురించి ఆలోచించవచ్చు. అప్పుడైనా పెట్టాల్సింది వేళలు కాదు, వరుస. లేవగానే పాలు, తేన్పు, కాసేపు కబుర్లు, కళ్లు మూతలు పడుతుంటే పక్క మీదికి. ఇది రెండు గంటలకు ఒక చుట్టు తిరిగినా, మూడు గంటలకు తిరిగినా ఫరవాలేదు. వరుస మారకపోతే బిడ్డకు తర్వాత ఏం జరుగుతుందో తెలుస్తుంది. అమ్మమ్మ ఇంటి నుంచి నాయనమ్మ ఇంటికి మారినప్పుడు వేళలన్నీ చెదిరిపోతాయి. వరుస మాత్రం మూటలో పెట్టుకుని తీసుకెళ్లవచ్చు.

దీనికి పునాది మొదటి రోజు నుంచే వేయవచ్చు, వెలుతురుతో. పగలు కిటికీలు తెరిచి, ఇంటి చప్పుళ్లు మామూలుగా సాగనివ్వాలి. రాత్రి పాలిచ్చేటప్పుడు చిన్న దీపం, మాటలు లేవు, ఫోను లేదు, గుడ్డ తడిస్తే తప్ప మార్చడం లేదు.

మన ఇళ్లలో ఇప్పటికే గట్టిగా పాతుకున్న వేళ ఒకటుంది, స్నానం. పొద్దున్నే నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోస్తే బిడ్డ రెండు మూడు గంటలు ఒళ్లెరగక పడుకుంటుంది. రోజులోకెల్లా గాఢమైన నిద్రను పట్టపగలు ఖర్చు చేసేస్తున్నామన్నమాట. స్నానం సాయంత్రానికి మార్చమంటే అమ్మమ్మ జలుబు చేస్తుందంటుంది, చలికాలంలో ఆ మాటను కొట్టిపారేయలేం కూడా. స్నానం పొద్దున్నే ఉంచి, నూనె రాయడం మాత్రం రాత్రి పక్క వేసే ముందుకు మార్చి చూడండి. సాంబ్రాణి పొగ రెండు పూటలా మానేయవచ్చు, ఆ ఊపిరితిత్తులకు అది భారం.

రాత్రి పనిని పంచుకోవడం ఈ పద్ధతులన్నిటికంటే ముఖ్యం. పాలివ్వడం ఒక్కటే తల్లి పని. తేన్పు తీయడం, గుడ్డ మార్చడం, తిరిగి పడుకోబెట్టడం ఇంకొకరు చేయగలరు. అమ్మమ్మ రాత్రి మొదటి సగం, తాతయ్య తెల్లవారుజాము తీసుకుంటే తల్లికి నాలుగైదు గంటల నిద్ర దొరుకుతుంది. అడిగినప్పుడల్లా పాలివ్వడం ఇంతమంది మనుషులున్న ఇంట్లో పుట్టిన పద్ధతి. భార్యాభర్తలిద్దరే ఉండే ఇంట్లో దాన్నే ఒంటరిగా చేయమనడం అన్యాయం. అక్కడ తండ్రి యాప్‌లో వేళలు రాయడం మాని అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు లేచి తేన్పు తీయాలి.

సీసా పాలే ఇవ్వాల్సిన పరిస్థితిలో ఉన్నవాళ్లకు గడియారం ఎక్కువ నప్పుతుంది, దాదాపు మూడు గంటలకొకసారి. అక్కడ కూడా ఆకలి గుర్తులు ముందు, గంట తర్వాత. కలిపిన పాలు రెండు గంటల్లోపు వాడేయాలి, తాగగా మిగిలినవి పారబోయాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. మరిగించిన నీళ్లు, కడిగిన సీసా అలాంటి రోజుల్లో ఎంత కష్టమో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. తుపానులు వచ్చే తీరంలో తల్లిపాలవైపు నేను మొగ్గడానికి అదీ ఒక కారణం.

పనికి తిరిగి వెళ్లాల్సిన తల్లుల లెక్క వేరు. కంపెనీలో ఉద్యోగమైతే ప్రసూతి సెలవు చట్టానికి 2017లో వచ్చిన సవరణ నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు ఉంది, తొందరేమీ లేదు. పలాస జీడిపప్పు బట్టీలకో పొలం పనికో రోజుకూలీకి వెళ్లే తల్లికి ఆ వెసులుబాటు ఉండదు, రెండో నెలలోనే వెళ్లాల్సి రావచ్చు. ఆమె వెళ్లే ముందు పాలిచ్చి, వచ్చీ రాగానే ఇచ్చి, రాత్రంతా బిడ్డ అడిగినప్పుడల్లా ఇస్తే పాలు తగ్గవు. మధ్యలో పిండి తీసిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు నిలుస్తాయి, మన వేసవిలో అంతసేపు నమ్మకూడదు, ఫ్రిజ్‌లో పెట్టాలి. పనిలోకి వెళ్లడానికి పది రోజుల ముందు నుంచే రోజుకొకసారి అమ్మమ్మ చేతో నాయనమ్మ చేతో గిన్నెతో పట్టించి చూడాలి. తల్లి అదే గదిలో ఉంటే చాలామంది పిల్లలు గిన్నె ముట్టరు, ఆ కాసేపు ఆమె వీధిలోకి వెళ్లిరావడం మంచిది.