రోజుకో వాక్యమా, ఒక కీర్తన మొత్తమా? కంఠతకు ఏది మేలు?

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక చేతికిచ్చిన వాగ్దాన కార్డు మీ బైబిల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. అందులోని వాక్యాన్ని చూడకుండా చెప్పగలరా? నేను చాలా ఏళ్లు చెప్పలేకపోయాను. రోజూ ఒక కొత్త వాక్యం పట్టుకునేదాన్ని, నిన్నటిది జారిపోయేది. ఏడాది చివర లెక్క చూసుకుంటే గట్టిగా పది మిగిలేవి.

వాక్యం కంఠత పెట్టడం దినచర్యలో భాగం కావాలనుకునేవాళ్లకు రెండు దారులున్నాయి. అక్కడక్కడ ఏరిన వాక్యాలను రోజుకొకటి నేర్చుకోవడం ఒకటి. ఒక కీర్తననో అధ్యాయాన్నో తీసుకుని మొదటి వచనం నుంచి చివరిదాకా నెమ్మదిగా వెళ్లడం రెండోది. రెండూ చేశాను. నా మనసు రెండోదానివైపే ఉంది, కానీ మొదటిదాని మేలు ముందు చెప్పాలి.

సండే స్కూల్లో, వేసవి సెలవుల బైబిల్ బడి వీబీఎస్‌లో మనం నేర్చుకున్నవన్నీ విడి వాక్యాలే. చిన్నవి, వెంటనే పనికొచ్చేవి. అరణ్యంలో సాతాను శోధించినప్పుడు యేసు ప్రభువు ఇచ్చిన మూడు జవాబులూ అలాంటివే: ద్వితీయోపదేశకాండము 8:3, 6:16, 6:13. కోపం వచ్చినప్పుడో భయం వేసినప్పుడో ఆరు వచనాలు వల్లించే తీరిక ఉండదు, ఒక్క మాట నోటికి రావాలి. 1933లో అమెరికాలో మొదలైన నావిగేటర్స్ పరిచర్య ఈ పద్ధతినే చక్కగా మలిచింది. అంశాలవారీగా 60 వాక్యాలు కార్డుల మీద ఇచ్చి, ప్రతి వాక్యానికి ముందూ వెనుకా రిఫరెన్సు చెప్పమంటారు. ఏ దారిలో వెళ్లినా ఈ ఒక్క అలవాటు మాత్రం తప్పకుండా చేసుకోండి. మనకు మాట గుర్తుంటుంది, అధ్యాయం, వచనం నంబరే ఎగిరిపోతుంది.

అయితే అదే అరణ్యంలో ఇంకొకరు కూడా వాక్యం చెప్పారు. సాతాను 91వ కీర్తనలోని 11, 12 వచనాలు ఎత్తి చెప్పాడు. అక్కడితో ఆపేశాడు. తర్వాతి వచనం ఏమిటో తెలుసా? "నీవు సింహములను నాగుపాములను త్రొక్కెదవు." సర్పమని పేరున్న తననే తొక్కే మాటకు ముందే ఆగిపోయాడన్నమాట. విడి వాక్యంతో వచ్చే ప్రమాదం నాకు ఇక్కడే స్పష్టంగా అర్థమైంది. మీకు మేలు చేసే, నిరీక్షణనిచ్చే ఉద్దేశాలే నావి అని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 ఎన్ని గోడల మీద చూస్తామో! దాని పై వచనంలో బబులోనులో 70 సంవత్సరాలు గడవాలని ఉంది. ఆ డెబ్బై ఏళ్లతో కలిపి చదివితేనే ఆ నిరీక్షణ బరువు తెలుస్తుంది. పరీక్షల ముందు పిల్లలతో చెప్పించే ఫిలిప్పీయులకు 4:13, "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను", కూడా అంతే. పైన 11, 12 వచనాల్లో పౌలు చెబుతున్నది ఆకలిలో, లేమిలో కూడా సంతృప్తిగా ఉండడం గురించి. మార్కులు తగ్గిన పిల్లకు నిజంగా ఓదార్పునిచ్చేవి ఆ రెండు వచనాలే.

మొత్తంగా నేర్చుకుంటే కనిపించేవి ఇంకా ఉన్నాయి. 23వ కీర్తన మనందరికీ వచ్చనుకుంటాం. దానిలో మొదటి మూడు వచనాల్లో దావీదు దేవుణ్ణి "ఆయన" అంటాడు. గాఢాంధకారపు లోయ దగ్గరికి రాగానే "నీవు నాకు తోడైయుందువు" అంటాడు. లోయలోకి దిగాక దేవుని గురించి మాట్లాడడం ఆగి, దేవునితోనే మాట్లాడడం మొదలైంది. ఎన్నోసార్లు చదివినప్పుడు నాకు ఇది కనబడలేదు. వరసగా నోటికి వచ్చిన వారంలో, బస్సులో కూర్చుని మనసులో చెప్పుకుంటుంటే తట్టింది. ఆ రోజంతా కళ్లు చెమరుస్తూనే ఉన్నాయి.

ఈ దారిలో ఇబ్బంది కూడా ఉంది. మా నాయనమ్మకు చదువు రాదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో తాతయ్య చదువుతుంటే విని విని 23, 121 కీర్తనలు ఆమెకు వచ్చేశాయి. వాకిలి ఊడుస్తూ పైకి చెప్పుకునేది. "నాలుగో వచనం చెప్పు నాయనమ్మా" అంటే మాత్రం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాల్సిందే, ఎక్కాలు అప్పజెప్పినట్టు. అందుకే నేను వారానికోసారి మధ్యలోంచి, నంబరుతో సహా మొదలుపెడతాను.

ఫోన్ యాప్ బాగా గుర్తుచేస్తుంది, ప్రయాణంలో వినిపిస్తుంది. వాడండి. కానీ నోరు తెరిచి చెప్పకుండా, చూసి ఊరుకుంటే వాక్యం నిలవదని నా అనుభవం. ఇక అనువాదం సంగతి. పిల్లలకు వాడుక భాషలోది సులువు. పెద్దవాళ్లకు పాత అనువాదంలోని లయే జ్ఞాపకాన్ని పట్టి ఉంచుతుంది. ఇంట్లో అందరూ ఒకే అనువాదం వాడితే ఒకరికొకరు అప్పజెప్పుకోవచ్చు.

వేగం దగ్గర చాలామంది టెన్షన్ పడతారు. రోజుకొకటి చొప్పున 365 వాక్యాలు అనుకుంటే ఫిబ్రవరికే చేతులెత్తేస్తాం. వారానికి రెండు వచనాలే పెట్టుకోండి. ఫిలిప్పీయులకు పౌలు రాసిన పత్రిక నాలుగు అధ్యాయాలూ కలిపి 104 వచనాలు. అంటే 52 వారాల్లో, సరిగ్గా ఒక్క ఏడాదిలో, పత్రిక మొత్తం మీ నోట ఉంటుంది. మిగతా రోజులు పాతవి తిరగేయడానికే. నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువగా మరచిపోతామని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు. "పండుకొనునప్పుడును లేచునప్పుడును" అని ద్వితీయోపదేశకాండము 6:7 చెప్పే వేళలు దీనికి సరిగ్గా సరిపోతాయి. రాత్రి నేర్చుకున్నదాన్ని పొద్దున్నే, ఫోన్ ముట్టుకోకముందే ఒకసారి చెప్పుకోవాలి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే, లేదా కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లయితే ఓ ఇరవై విడి వాక్యాలతో మొదలుపెట్టండి. ఒక్కో వాక్యానికి పైదీ కిందిదీ కూడా చదివి వినిపించండి. మిగతావాళ్లకు 121వ కీర్తన మంచి ఆరంభం. ఎనిమిదే వచనాలు, నాలుగు వారాల పని. ఈ వారానికి మొదటి రెండు: "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" దగ్గర మొదలవుతుంది.