20 వేల ఎఫ్‌డీ మీద తీసుకున్న క్రెడిట్ కార్డు: విజయనగరంలో మూడేళ్ళు వాడాక

మా ఇంట్లో రెండు క్రెడిట్ కార్డులున్నాయి. ఒకటి నాన్నది, కిసాన్ క్రెడిట్ కార్డు, నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో ఉన్న ఎకరంన్నర పొలం మీద తీసింది. దానికి వడ్డీ ఏడాదికి 7 శాతం, టైముకి కట్టేస్తే అందులో 3 తగ్గి 4 శాతమే పడుతుంది. రెండోది నాది. దీనికి టైముకి కట్టకపోతే పడేది నెలకి మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42. రెండిటి పేరూ క్రెడిట్ కార్డే కాబట్టి, నేను తీసుకుంటానని ఇంట్లో చెప్పినప్పుడు నాన్న "తీసుకోరా, మనకి ఉన్నదే కదా" అనేశాడు. ఆయన తప్పేం లేదు, అప్పటికి నాకూ తేడా తెలీదు.

బీటెక్ రెండో సంవత్సరంలో, విజయనగరం హాస్టల్లో ఉండగా తీసుకున్నా. ఇప్పుడు చదువైపోయి ఉద్యోగంలో చేరి కొన్ని నెలలైంది, కార్డు మాత్రం అదే.

మొదట మామూలు కార్డుకే అప్లై చేశా. కాలేజీ ఫెస్ట్‌లో స్టాల్ పెట్టి, ఫారం నింపితే బ్యాగు ఫ్రీ అన్నారు. బ్యాగు వచ్చింది, కార్డు రాలేదు, ఆదాయం లేదని రిజెక్ట్ చేశారు. అప్లై చేసిన ప్రతిసారీ మన క్రెడిట్ రిపోర్టులో, అంటే మన అప్పుల చరిత్ర ఉండే రికార్డులో, ఎంక్వైరీ ఒకటి పడుతుందని ఆ బ్యాగు ఇచ్చినాయన చెప్పలేదు. నాలుగు చోట్ల అప్లై చేస్తే ఒక చోటైనా వస్తుందిలే అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, అన్నీ కనిపిస్తాయి.

తర్వాత ఒక సీనియర్ చెప్పాడు, జీతం లేని స్టూడెంట్‌కి సులువుగా వచ్చేది ఎఫ్‌డీ మీద ఇచ్చే కార్డేనని. మనమే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తాం, బ్యాంకు దాన్ని తాకట్టుగా పట్టుకుని అందులో కొంత శాతం దాకా కార్డు మీద వాడుకునే లిమిట్ ఇస్తుంది. 18 ఏళ్ళు నిండి, పాన్, ఆధార్ ఉంటే చాలు. వేసవి సెలవుల్లో ఆమదాలవలసలో మా బావ సెల్ షాపులో పనిచేస్తే వచ్చిన 12 వేలకి అమ్మ 8 వేలు కలిపింది. 20 వేలు ఎఫ్‌డీ, 18 వేలు లిమిట్. ఎఫ్‌డీకి వడ్డీ మామూలుగానే వస్తుంది, కార్డు ఉన్నంతకాలం దాన్ని తీసుకోలేం, అంతే.

18 వేలా అని ఫ్రెండ్స్ నవ్వారు. మూడేళ్ళ తర్వాత కూడా ఈ కార్డులో నాకు బాగా నచ్చినది ఆ 18 వేలే. కింద చెప్పబోయే పొరపాటు లక్ష లిమిట్ కార్డుతో చేసి ఉంటే ఇలా రాస్తూ కూర్చునేవాణ్ణి కాదు.

మొదటి ఐదారు నెలలు బాగానే నడిచింది. మెస్‌లో తినలేని రోజుల్లో బయట భోజనం, రికార్డులు, జిరాక్సులు, ఎప్పుడైనా రైలు టికెట్టు, నెలకి మూడు నాలుగు వేలు దాటేది కాదు. ప్రతి నెలా 12న స్టేట్‌మెంట్, అంటే బిల్లు, వచ్చే నెల ఒకటో తారీకు డ్యూ డేట్, అంటే కట్టడానికి ఆఖరి తేదీ. 13న కొన్నదానికి దాదాపు యాభై రోజులు వడ్డీ ఉండదు, 11న కొన్నదానికి మాత్రం ఇరవై రోజులే. ఈ ఒక్క లెక్క అర్థం చేసుకోడానికి నాకు మూడు స్టేట్‌మెంట్లు పట్టింది.

దసరా ముందు సేల్ వచ్చింది. రూమ్మేట్ ఒకడు, మంచోడే, "మామా, తొమ్మిది వేలకే ఫోన్‌రా, ఈ రాత్రితో ఆఫర్ అయిపోద్ది, నీ కార్డు మీద తీసీ, నెలకి మూడు వేలు చొప్పున ఇచ్చేస్తాను" అన్నాడు. నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేదని చెప్పే వాయిదాలు, పెడదామని చూస్తే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ కనిపించాయి, అది ఎందుకులే అని మొత్తం ఒకేసారి కొట్టేశా. సెప్టెంబర్ 20. అక్టోబర్ 5న నా ఖర్చు ఇంకో 2,400. అక్టోబర్ 12న బిల్లు 11,400 వచ్చింది.

డ్యూ డేట్ దగ్గరపడే సరికి రూమ్మేట్ దగ్గర డబ్బుల్లేవు. నా దగ్గరా లేవు, ఇంటి నుంచి నాకు డబ్బులు వచ్చేది ఐదో తారీకున. యాప్ తెరిస్తే రెండు అంకెలు: టోటల్ డ్యూ 11,400, మినిమమ్ డ్యూ, అంటే కనీసం కట్టాల్సింది, 570. ఆ 570 చూసి ఎంత సంతోషమేసిందో. నవంబర్ ఒకటిన అది కట్టేసి, టెన్షన్ తీరిపోయిందని గంటస్తంభం దాకా వెళ్ళి బిర్యానీ కూడా తినొచ్చాం.

నవంబర్ 12న వచ్చిన స్టేట్‌మెంట్‌లో వడ్డీ, జీఎస్టీ కలిపి 772 రూపాయలు. కట్టింది 570, పడింది 772. బ్యాంకోళ్ళు తప్పు చేశారనుకుని కస్టమర్ కేర్‌తో అరగంట గొడవపడ్డాను, ఆవిడ ఓపిగ్గా ఒక్కొక్క లైనూ చదివి వినిపించింది. మొత్తం బిల్లు కట్టకపోతే వడ్డీ మిగిలిన బాకీకే, డ్యూ డేట్ నుంచే పడుతుందనుకోకూడదు, కొన్న మొత్తానికి కొన్న రోజు నుంచీ లెక్కేస్తారు. 9 వేలకి సెప్టెంబర్ 20 నుంచి 42 రోజులు, 435 రూపాయలు. 2,400కి 27 రోజులు, 75. కట్టగా మిగిలిన 10,830కి ఇంకో 11 రోజులు, 137. అన్నిటికంటే మండించింది ఏంటంటే, మధ్యలో అక్టోబర్ 20న 299 పెట్టి సెల్ రీచార్జి చేసుకున్నాను, దానికి కూడా 8 రూపాయలు వేశారు, ఎందుకంటే పాత బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా కొన్నవాటికి ఆ యాభై రోజుల సౌకర్యం ఉండదట. వీటన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ. ఇవన్నీ కార్డుతో పాటు వచ్చిన పుస్తకంలో ఉన్నాయి. చదవలేదు.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. తిడుతుందనుకున్నా, తిట్టలేదు, ముందు వడ్డీ ఎంతని అడిగింది. 42 శాతం అంటే ఆవిడకి ఎక్కదు, నెలకి నూటికి మూడున్నర అని చెప్పాను. "ఏటీ, మూడున్నర రూపాయలా? మనూళ్ళో రెండ్రూపాయల వడ్డీకిచ్చినోణ్ణే కదరా అందరూ తిట్టుకుంటారు!" అంది. జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయలు దాటుతుందని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. మర్నాడే డ్వాక్రా గ్రూపు పొదుపులోంచి రూపాయి వడ్డీకి తీసి పంపింది. కార్డు బాకీ మొత్తం కట్టేసి, అమ్మకి నెలనెలా తీర్చుకున్నాను. మూడున్నర రూపాయల అప్పుని రూపాయి అప్పుతో తీర్చడం, డిగ్రీలు లేని మా అమ్మ రెండు నిమిషాల్లో తేల్చిన లెక్క. రూమ్మేట్ సంక్రాంతికి డబ్బులిచ్చేశాడు, వడ్డీ సంగతి నేను అడగలేదు, వాడూ ఎత్తలేదు. ఆ తర్వాత ఎవరికీ నా కార్డు మీద ఏమీ కొనిపెట్టలేదు. ఈ విషయంలో కొంచెం చెడ్డపేరు వచ్చింది, పర్లేదు.

ఆ గొడవలోనే ఒక మంచి సంగతి తెలిసింది. బిల్లింగ్ తేదీని ఒక్కసారైనా మనకి కావలసినట్టు మార్చుకునే వీలు కార్డు కంపెనీలు ఇవ్వాలని ఆర్‌బీఐ నియమం ఉంది. నాకు డబ్బులు వచ్చేది ఐదున, డ్యూ డేట్ ఒకటిన, ఇంకేం కుదురుతుంది? స్టేట్‌మెంట్ 22న వచ్చేలా మార్చమని అడిగితే డ్యూ డేట్ పదో తారీకు దగ్గరికి వచ్చింది. బ్యాంకు ఖాతా నుంచి టోటల్ డ్యూ మొత్తం ఆటో డెబిట్ అయ్యేలా పెట్టాను. పెట్టేటప్పుడు చూసుకోండి, మినిమమ్ డ్యూ అనే ఆప్షన్ కూడా పక్కనే ఉంటుంది, అది పెట్టి నిశ్చింతగా ఉన్నవాళ్ళు నాకు తెలుసు. డ్యూ డేట్ దాటి మూడు రోజుల పైన అయితేనే లేట్ ఫీజు వేయాలని కూడా రూలు ఉంది గానీ, ఆ మూడు రోజుల్నీ గడువు అనుకోకండి, వడ్డీ ఆగదు.

యూపీఐ గురించి. నాది రూపే కార్డు కాబట్టి యూపీఐ యాప్‌కి కలుపుకోవచ్చు, 2022 నుంచి ఈ సదుపాయం ఉంది. కలిపాక పండగే అనిపించింది. మూడు లాంతర్ల దగ్గర కిరాణాలో స్కాన్ చేస్తే పనిచేస్తుంది, పక్కన పునుగుల బండి దగ్గర చేస్తే చేయదు, ఎందుకంటే ఆ అన్న పెట్టుకున్నది సొంత నంబర్ క్యూఆర్, క్రెడిట్ కార్డు డబ్బులు వ్యాపారుల క్యూఆర్‌కే వెళ్తాయి. ఫ్రెండ్‌కి పంపడమూ కుదరదు. పని చేయకపోవడం సమస్య కాదు నాకు, మరీ బాగా పని చేయడమే సమస్య. ఆ నెల స్టేట్‌మెంట్‌లో 61 లైన్లున్నాయి. 20, 35, 15, 40. ఒక్కటీ గుర్తు లేదు. మొత్తం చూస్తే ఎప్పుడూ అయ్యే ఖర్చుకి రెండింతలు. రెండు నెలలు చూసి యాప్‌లోంచి కార్డు తీసేశాను. చిల్లర ఖర్చు ఖాతాలో ఉన్న డబ్బుతో, పెద్దవి కార్డుతో. వేరేవాళ్ళకి ఇంకోలా కుదురుతుందేమో, నాకు కుదరలేదు.

పెట్రోలుకి వాడొద్దని అనను గానీ లాభం పెద్దగా లేదు. బంకులో కార్డుతో కడితే అదనంగా పడే ఒక శాతం సర్‌చార్జి వెనక్కిస్తారు అంటారు, నా కార్డుకి 400 పైన కొట్టిస్తేనే ఇస్తారు, బైకులో మనం కొట్టించేది రెండొందలు. రివార్డు పాయింట్లా? మూడేళ్ళ పాయింట్లతో ఒక వాటర్ బాటిల్ వచ్చింది. దాని మూత కారుతుంది. ఏటీఎంలో ఈ కార్డుతో డబ్బులు తీయడం మాత్రం అస్సలు వద్దు, తీసిన వెంటనే కొన్ని వందలు ఫీజు, ఆ రోజు నుంచే వడ్డీ, గడువు అనేదే ఉండదు. మా బ్యాచ్‌లో ఒకడు పరీక్ష ఫీజుకి ఇలా తీశాడు, వాడి లెక్క వాడు చెప్పుకోడు.

బ్యాంకు మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. కార్డు ఇచ్చేటప్పుడు నోటితో లైఫ్‌టైమ్ ఫ్రీ అన్నారు, ఏడాది తిరగ్గానే వార్షిక ఫీజు 499, జీఎస్టీతో కలిపి 589 వేశారు. అడిగితే ఏడాదికి 50 వేలు వాడితేనే ఫ్రీ అన్నారు. మెయిల్ పెట్టి, మళ్ళీ పెట్టి, మూడోసారికి వెనక్కిచ్చారు. రెండో ఏడాది ఇవ్వలేదు. నోటితో చెప్పింది కాగితం మీద ఉందో లేదో చూసుకోండి.

క్రెడిట్ స్కోరు, అంటే అప్పులు ఎంత సరిగ్గా కడతామో చెప్పే అంకె, దాని సంగతి చెప్పాలి, చాలామంది దానికోసమే తీసుకుంటారు. మొదట్లో నాకు స్కోరే లేదు, చరిత్ర లేనివాడికి అంకె ఉండదు. ఏడో నెలలో 738 వచ్చింది. ఫోన్ కొన్న నెల తర్వాత 709కి పడింది, డ్యూ డేట్ మిస్ అవ్వకపోయినా సరే, లిమిట్‌లో అరవై శాతం పైన వాడేశాను కదా. 30 శాతం లోపు ఉంచుకోమంటారు, 18 వేలకి అది 5,400. ఎప్పుడైనా ఎక్కువ వాడాల్సి వస్తే స్టేట్‌మెంట్ రాకముందే కొంత కట్టేస్తాను, అప్పుడు బిల్లులో తక్కువే కనిపిస్తుంది. ఇప్పుడు 774. ఈ స్కోరు, రిపోర్టు తయారుచేసే సంస్థలు, సిబిల్‌తో సహా నాలుగు క్రెడిట్ బ్యూరోలూ, ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, దీనికోసం ఎవరికీ డబ్బులు కట్టకండి.

ఇంకోటి, లిమిట్ పెంచుతామని వచ్చే ఫోన్లు. నాకు తెలుగులోనే, అదీ మన యాసలోనే వచ్చింది, "బాబూ, ఓటీపీ వచ్చిందేమో చూడు" అని. అదృష్టం కొద్దీ అప్పుడు ల్యాబ్‌లో ఉండి కట్ చేశాను. పొరపాటున చెప్పేస్తే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకి ఫోన్ చేయాలి, కార్డుని యాప్‌లో బ్లాక్ చేయాలి. నేను విదేశీ లావాదేవీలు, ట్యాప్ చేసి కట్టడం రెండూ యాప్‌లో ఆపేసి ఉంచాను. పిన్ లేకుండా ట్యాప్‌తో 5 వేల దాకా పోతుంది, హాస్టల్లో పర్సు ఎక్కడ పడేస్తామో మనకే తెలీదు.

పోయిన నెల అదే బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, ఎఫ్‌డీ అక్కర్లేకుండా 80 వేల లిమిట్ కార్డు ఇస్తామని. ఇంకా ఒప్పుకోలేదు. పాతది మూసేస్తే నా క్రెడిట్ చరిత్రలో మొదటి ఖాతా మూతపడుతుంది, ఉంచితే 20 వేలు అక్కడే ఇరుక్కుంటాయి, పైగా అందులో 8 వేలు అమ్మవి. పండక్కి ఊరెళ్ళినప్పుడు అమ్మకి ఆ 8 వేలు ఇవ్వబోతే తీసుకోలేదు, "ఆ కొత్త కార్డుకి ఎన్ని రూపాయల వడ్డీ?" అని అడిగింది. అదే మూడున్నర అన్నాను. "అయితే పాతదే ఉంచు" అంది. ఎఫ్‌డీ వచ్చే నెల రెన్యువల్‌కి వస్తుంది, ఇంకో ఏడాదికి వేస్తున్నాను.